పదిహేడు నిండేదాకా

2005 డిసెంబరు, టోక్యో. ఫిగర్ స్కేటింగ్‌లో ఆ సీజన్‌లో మేటి అనిపించుకున్న ఆరుగురే ఆడే గ్రాండ్ ప్రీ ఫైనల్. అప్పటి ప్రపంచ చాంపియన్, రష్యా స్కేటర్ ఇరీనా స్లుత్స్కయా కూడా బరిలో ఉంది. ఆమెను వెనక్కి నెట్టి స్వర్ణం అందుకున్నది పదిహేనేళ్ల జపాన్ అమ్మాయి మావో అసాదా. సీనియర్ స్థాయిలో ఆమెకు అదే మొదటి ఏడాది. మరో రెండు నెలల్లో ట్యూరిన్‌లో వింటర్ ఒలింపిక్స్. ప్రపంచ చాంపియన్‌ను ఓడించిన అమ్మాయి కదా, అక్కడా పతకం ఖాయమని జపాన్ అనుకోవాలి. కానీ మావో ట్యూరిన్‌కు వెళ్లలేకపోయింది.

ఒలింపిక్స్‌లో ఆడాలంటే అంతకుముందు జులై 1 నాటికి పదిహేనేళ్లు నిండి ఉండాలి. గ్రాండ్ ప్రీకి పద్నాలుగు చాలు. మావో పుట్టింది 1990 సెప్టెంబరు 25న. మూడు నెలలు కూడా లేని తేడాతో ఒక ఒలింపిక్స్ చేజారింది. ట్యూరిన్‌లో స్వర్ణం షిజుకా అరకావాకు దక్కింది. ఆ క్రీడల్లో జపాన్‌కు వచ్చిన ఒకే ఒక్క పతకం అది. మరుసటి నెలలో మావో లుబ్లియానాలో జూనియర్ ప్రపంచ పోటీలు ఆడి రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం కొరియా అమ్మాయి కిమ్ యు నాది. ఆమె పుట్టిందీ 1990 సెప్టెంబరులోనే. నాలుగేళ్ల తర్వాత వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఆ ఇద్దరే మళ్లీ ఎదురుపడ్డారు. కిమ్‌కు స్వర్ణం, మావోకు రజతం. ఆ పోటీలో మావో మూడు ట్రిపుల్ ఆక్సెల్‌లు, అంటే గాలిలో మూడున్నర చుట్లు తిరిగే జంపులు, చేసింది.

రెండు దశాబ్దాలకు అదే పేరున్న మరో అమ్మాయికి అదే జరిగింది. అసాదా మీద అభిమానంతో మావో అని పేరు పెట్టుకున్న ఇంట్లో 2008 అక్టోబరు 30న పుట్టింది మావో షిమాదా. 2023, 2024, 2025లో వరసగా మూడుసార్లు జూనియర్ ప్రపంచ చాంపియన్. అంతకుముందు ఏ అమ్మాయీ అలా గెలవలేదు. ట్రిపుల్ ఆక్సెల్ చేస్తుంది, నాలుగు చుట్ల టో లూప్ కూడా చేస్తుంది. 2024 డిసెంబరులో జపాన్ జాతీయ పోటీల్లో, పెద్దవాళ్ల మధ్య ఆడి, ప్రపంచ చాంపియన్ కవోరి సకమోటో తర్వాతి స్థానంలో నిలిచింది. అయినా 2026 మిలాన్ ఒలింపిక్స్‌కు ఆమెకు అర్హత లేకపోయింది. ఇప్పుడు కావలసిన వయసు పదిహేడు. నాలుగు నెలలు తక్కువయ్యాయి. ఆ మూడు జూనియర్ పోటీల్లోనూ ఆమె వెనక రజతంతో నిలబడిన కొరియా అమ్మాయి షిన్ జియా 2008 మార్చిలో పుట్టింది కాబట్టి ఆమెకు మాత్రం అర్హత ఉంది.

ఇది చదివితే ఎవరికైనా అన్యాయమనే అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. అయినా ఆ వయసు నియమం ఉండాలనే అంటాను. జూనియర్ స్కేటర్ సీనియర్‌గా మారే ఆ రెండు మూడేళ్లలో ఒంటికీ మనసుకూ ఏమవుతుందో చూశాక మరో మాట అనలేం.

కాగితం మీద చూస్తే

స్కేటింగ్ సంవత్సరం జులై 1న మొదలవుతుంది. ఆ రోజుకు 13 నిండినవాళ్లు జూనియర్లుగా అంతర్జాతీయ పోటీలకు వెళ్లొచ్చు. సింగిల్స్‌లో 19 నిండేదాకా అక్కడే కొనసాగొచ్చు. 17 నిండితే సీనియర్ పోటీలకు అర్హత వస్తుంది. మధ్యలో ఉన్న వయసువాళ్లు ఎటు ఆడాలో కోచ్‌తో, సమాఖ్యతో కూర్చుని తేల్చుకుంటారు. ఒకే ఏడాది జూనియర్ గ్రాండ్ ప్రీ, సీనియర్ గ్రాండ్ ప్రీ రెండూ ఆడనివ్వరు.

ఆటలో తేడా చూస్తే పెద్దగా లేదనిపిస్తుంది. పోటీలో రెండు ప్రదర్శనలుంటాయి: చిన్నది షార్ట్ ప్రోగ్రాం, పెద్దది ఫ్రీ స్కేట్. షార్ట్ ప్రోగ్రాం రెండు స్థాయుల్లోనూ 2 నిమిషాల 40 సెకన్లే. ఫ్రీ స్కేట్ జూనియర్లకు మూడున్నర నిమిషాలు, సీనియర్లకు నాలుగు. జూనియర్ల షార్ట్ ప్రోగ్రాంలో క్వాడ్, అంటే గాలిలో నాలుగు చుట్లు తిరిగే జంప్, చేయనివ్వరు. సీనియర్ పురుషుల్లో పతకం ఆశించేవాళ్లకు అక్కడే క్వాడ్ తప్పదు.

ఎక్కువయ్యేది అరనిమిషమే కదా అనుకోవచ్చు. కానీ అది మూడున్నర నిమిషాలు ఒళ్లు హూనం చేసుకున్నాక వచ్చే అరనిమిషం. అప్పటికి తొడలు మండుతుంటాయి, ఊపిరి అందదు. పైగా ఫ్రీ స్కేట్‌లో చివరి మూడు జంపులకు పది శాతం అదనపు మార్కులుంటాయి కాబట్టి కష్టమైనవి చివరిదాకా దాచుకుంటారు. అలసిన కాళ్లతో అవి చేస్తూనే సంగీతంలో ఉన్న మనిషిగా కనిపించాలి, ముఖంలో ఆయాసం తెలియకూడదు. కొత్తగా సీనియర్లయిన పిల్లలు పడిపోయే చోట్లు చూస్తే చాలావరకు ఈ ఆఖరి నిమిషంలోనే ఉంటాయి.

జంపులకు వచ్చే మార్కులు వేరు, మొత్తం ప్రదర్శనకు వచ్చే మార్కులు వేరు. కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం అనే మూడింటికి జడ్జీలు పదేసికి వేస్తారు. కొలమానం అందరికీ ఒకటే. కానీ జూనియర్లకు ఆరు, ఏడు దగ్గర ఆగే మార్కులు మేటి సీనియర్లకు తొమ్మిది దాటుతాయి. ఇందులో పక్షపాతం ఉందన్న ఫిర్యాదు ఎప్పుడూ ఉంటుంది, కొంత నిజం కూడా కావచ్చు. అయితే రింక్ పక్కన నిలబడి చూసిన వారెవరికైనా తెలిసే తేడా మరొకటి ఉంది. చిన్న పిల్లలు ఒక జంప్ దిగి, రెండో జంప్ కోసం పరుగెడతారు. ఎదిగిన స్కేటర్ ఆ రెండింటి మధ్య కూడా ఏదో చెబుతుంటుంది. బ్లేడు అంచు మీద ఒంగి, ఒక్క తోపుతో రింక్‌లో సగం దూరం సాగిపోతుంది. అది తొందరగా నేర్పితే వచ్చే విద్య కాదు, ఏళ్లు పడుతుంది.

ఒళ్లు మారే కాలం

గాలిలో నాలుగు చుట్లు తిరగడానికి స్కేటర్‌కు దొరికే సమయం ముప్పావు సెకను కూడా ఉండదు. ఆ కాస్త సేపట్లో ఎక్కువ తిరగాలంటే రెండు మార్గాలు: ఇంకా పైకి ఎగరడం, లేదా ఇంకా వేగంగా తిరగడం. పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్లకు రెండోది సులువు. భుజాలు, నడుము సన్నగా ఉంటాయి. చేతులు గుండెకు హత్తుకుంటే ఒళ్లంతా తిరిగే అక్షానికి దగ్గరగా వస్తుంది. బరువు అక్షం నుంచి దూరం జరిగే కొద్దీ తిరిగే వేగం తగ్గుతుంది. ఆ తగ్గుదల దూరం పెరిగినంతే ఉండదు, దూరపు వర్గం లెక్కన ఉంటుంది. అందుకే తుంటి కాస్త వెడల్పయినా, ఎత్తు నాలుగు అంగుళాలు పెరిగినా నిన్నటి జంప్‌లో పావు చుట్టు తక్కువవుతుంది. ఆ పావు చుట్టు తక్కువైతే జడ్జీల పక్కనున్న సాంకేతిక బృందం వీడియో వెనక్కి తిప్పి చూసి మార్కులు కోస్తుంది.

ఒళ్లు మారుతున్నప్పుడు పాత జంపు కోసం వెతుక్కోవడం కొత్తింట్లో కరెంటు పోయాక స్విచ్ కోసం గోడంతా తడుముకోవడం లాంటిది. చెయ్యి అలవాటైన చోటికే వెళుతుంది, స్విచ్ అక్కడ ఉండదు. ఆ వెతుకులాటలో పడుతుంటారు. ప్రతిసారీ ఒకే కాలి మీద, ఒంటి బరువుకు ఎన్నో రెట్ల ఒత్తిడితో ఐస్ మీదికి దిగుతుంటారు. మడమ, నడుము, తుంటి దెబ్బతింటాయి.

మగపిల్లలకు ఈ దశ దాదాపు తిరగబడి వస్తుంది. పదహారు, పదిహేడేళ్లకు కండ వస్తుంది, ఇంకా పైకి ఎగరగలరు. ఇలియా మలీనిన్ 2022 మార్చిలో సీనియర్ ప్రపంచ పోటీల్లో తొమ్మిదో స్థానంలో నిలిచాడు. మూడు వారాల తర్వాత తాలిన్‌లో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ సెప్టెంబరులో, పదిహేడేళ్ల వయసులో, లేక్ ప్లాసిడ్‌లో పోటీలో నాలుగున్నర చుట్ల క్వాడ్ ఆక్సెల్ దిగిన తొలి మనిషిగా నిలిచాడు. 2024, 2025లో ప్రపంచ చాంపియన్. యుజురు హన్యు 2010లో జూనియర్ చాంపియన్, 2012లో పదిహేడేళ్లకు సీనియర్ ప్రపంచ కాంస్యం, 2014లో ఒలింపిక్ స్వర్ణం. మగపిల్లలకు మెట్లు ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఆడపిల్లలకు మాత్రం ఎదిగే వయసు ఒక గండంగా తయారైంది. ఇందులో ప్రకృతి పాత్ర కొంత ఉంది. పెద్దలు పెట్టిన తొందర అంతకన్నా ఎక్కువ ఉంది.

తైపీలో ముగ్గురు

2017 మార్చిలో తైపీలో జూనియర్ ప్రపంచ పోటీలు జరిగాయి. పతకాలందుకున్న ముగ్గురు అమ్మాయిల తర్వాతి దారులు చూస్తే ఈ మొత్తం కథ తేటగా అర్థమవుతుంది.

స్వర్ణం రష్యా అమ్మాయి అలీనా జగితోవాది. వయసు పద్నాలుగు. మరుసటి ఏడాది సీనియర్‌గా ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కు వెళ్లి స్వర్ణం గెలిచింది. ఫ్రీ స్కేట్‌లో జంపులన్నీ రెండో సగంలోనే పెట్టుకుంది, అప్పట్లో రెండో సగంలోని ప్రతి జంప్‌కూ అదనపు మార్కులుండేవి. తన దేశానికే చెందిన, రెండుసార్ల ప్రపంచ చాంపియన్ ఎవ్‌గెనియా మెద్వెదేవాను ఒకటిన్నర పాయింటు కన్నా తక్కువ తేడాతో ఓడించింది. ఆ తర్వాత అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య ఆ అదనాన్ని ఫ్రీ స్కేట్‌లో చివరి మూడు జంపులకే పరిమితం చేసింది. 2019లో జగితోవా ప్రపంచ చాంపియన్ కూడా అయింది. ఆ డిసెంబరులోనే పోటీలకు విరామం ప్రకటించింది. అప్పటికి పదిహేడేళ్లు. మళ్లీ పోటీకి రాలేదు.

రజతం మారిన్ హోండాది. అంతకు ముందు ఏడాది జూనియర్ ప్రపంచ చాంపియన్ ఆమే. జపాన్ ఆశలన్నీ పెట్టుకున్న అమ్మాయి. సీనియర్ అయ్యాక ఆ మెరుపు నిలబడలేదు, ఒలింపిక్స్ జట్టులో చోటే దక్కలేదు. 2024లో ఆటకు వీడ్కోలు చెప్పింది.

మూడో స్థానం కవోరి సకమోటోది. కోబే అమ్మాయి. ట్రిపుల్ ఆక్సెల్ లేదు, క్వాడ్ లేదు. ఉన్నది వేగం, రింక్ ఈ చివర నుంచి ఆ చివరకు తన్నుకుపోయే జంపులు, తొణకని దిగుడు. ప్యాంగ్‌చాంగ్‌లో ఆరో స్థానం. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం. 2022, 2023, 2024లో వరసగా ప్రపంచ చాంపియన్. 1968లో పెగ్గీ ఫ్లెమింగ్ తర్వాత మహిళల్లో అలా వరసగా మూడు గెలిచినవాళ్లు లేరు. ఏళ్లు గడిచేకొద్దీ ఆమె స్కేటింగ్ బరువెక్కింది, లోతు పెరిగింది.

ఈ ముగ్గురిలో మొదటి ఇద్దరిదీ తప్పని అనడం నా ఉద్దేశం కాదు. జగితోవా అప్పటి నియమాలు ఏం కోరాయో దాన్ని అందరికన్నా బాగా చేసింది. ఆ నియమాలు పదిహేనేళ్ల ఒంటికి బహుమతి ఇచ్చాయి, పద్దెనిమిదేళ్ల ఒంటికి చోటు లేకుండా చేశాయి. అంతకు ముందు 2014 సోచీలో పదిహేనేళ్లకే జట్టు స్వర్ణం గెలిచిన యూలియా లిప్నిత్స్కయా పందొమ్మిదేళ్లకే ఆటకు దూరమైంది. తిండికి సంబంధించిన రుగ్మతతో బాధపడ్డానని తనే బయటకు చెప్పింది. ఎదగకుండా ఉండాలని ఒక పిల్ల తిండి మానుకునే పరిస్థితి తెచ్చిన ఆట తనను తాను మార్చుకోవాల్సిందే.

ఫుకెట్‌లో ఓటు

చిన్న వయసువాళ్లు పెద్దల పోటీల్లో ఆడటం కొత్తేం కాదు. 1924 షమోనీ ఒలింపిక్స్‌లో నార్వే అమ్మాయి సోన్యా హెని పదకొండేళ్లకే ఆడింది. అమెరికా అమ్మాయి టారా లిపిన్‌స్కీ 1998లో నగానోలో పదిహేనేళ్లకు స్వర్ణం గెలిచింది. పదిహేనేళ్ల నియమం 1996లోనే వచ్చినా, అంతకు ముందే ప్రపంచ పోటీల్లో ఆడినందుకు ఆమెకు మినహాయింపు దొరికింది.

2022 ఫిబ్రవరిలో బీజింగ్‌లో మాత్రం జరిగింది ప్రపంచమంతా చూసింది. పదిహేనేళ్ల కమీలా వలియేవా నుంచి 2021 డిసెంబరు 25న తీసుకున్న నమూనాలో గుండెజబ్బుకు వాడే ట్రైమెటజిడిన్ ఉన్నట్టు తేలింది. జట్టు పోటీ అయిపోయాక ఆ విషయం బయటికొచ్చింది. పదహారు నిండని పిల్ల కాబట్టి నిబంధనల్లో ప్రత్యేక రక్షణ ఉంది. ఆడనిచ్చారు. ఫ్రీ స్కేట్‌లో పదేపదే పడిపోయి నాలుగో స్థానంలో నిలిచింది. 2024 జనవరిలో క్రీడా న్యాయస్థానం ఆమెపై నాలుగేళ్ల నిషేధం ప్రకటించింది. ఆ మందు ఆమె ఒంట్లోకి ఎలా చేరినా, ఆ రాత్రి రింక్ మధ్యలో ఒంటరిగా నిలబడింది ఒక పిల్ల. చుట్టూ ఉన్న పెద్దలెవరూ ఆమెతో పాటు ఐస్ మీద లేరు.

2022 జూన్‌లో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య మహాసభ జరిగింది. వయసు పెంచాలన్న ప్రతిపాదన బీజింగ్‌కు ముందే చర్చలో ఉంది. ఓటింగ్‌లో 100 మంది ఔనన్నారు, 16 మంది వద్దన్నారు. ఒకేసారి కాకుండా, 2023–24 సీజన్‌కు 16, 2024–25 నుంచి 17 అని దశలవారీగా పెంచారు.

సరైన నిర్ణయం. కానీ సగం నిర్ణయం. పెద్దల పోటీలకు వయసు పెంచారు గానీ, పదమూడేళ్ల అమ్మాయి జూనియర్ ఫ్రీ స్కేట్‌లో క్వాడ్ చేయడాన్ని ఎవరూ ఆపలేదు. 2018లో సోఫియాలో అలెగ్జాండ్రా త్రూసోవా జూనియర్ ప్రపంచ పోటీల్లో ఒకే ప్రోగ్రాంలో రెండు క్వాడ్‌లు చేసినప్పుడు ఆమెకు పదమూడేళ్లు. అదే దారి ఇప్పటికీ తెరిచే ఉంది. పదిహేడు వచ్చేదాకా పిల్ల ఒంటిని అలాగే నిలబెట్టి ఉంచుదామని ఒక కోచ్ అనుకుంటే, కొత్త నియమం ఆ పిల్లకు మేలు చేయదు. ఆకలితో గడిపే ఏళ్లు రెండు పెరుగుతాయి, అంతే. జూనియర్ ఫ్రీ స్కేట్‌లోనూ క్వాడ్‌కు హద్దు పెట్టాలి, ఎడ్జ్‌లకూ స్టెప్పులకూ విలువ పెంచాలి. వయసు నియమం అప్పుడే పూర్తవుతుంది.

షిమాదా విషయానికొస్తే, 2026 జులై 1 నాటికి ఆమెకు పదిహేడు నిండుతాయి. పోయిన ఒలింపిక్స్ తిరిగి రాదు. తర్వాతి ఒలింపిక్స్ నాటికి ఆమెకు ఇరవై ఒకటి. పాత లెక్కల్లో ఆట మానేసే వయసది. ఆ లెక్కలు తప్పని నిరూపించే అవకాశం ఆమె చేతిలో ఉంది.

మన వైపు నుంచి

హైదరాబాద్‌లో ఇలాంటి జంపులు చక్రాల మీద చేసినవాళ్లున్నారు. ఇక్కడివాడైన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో సింగిల్స్‌లోనూ, అవని పంచాల్‌తో కలిసి జంటల్లోనూ కాంస్యాలు గెలిచాడు. 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆక్సెల్, సాల్కో, లట్జ్ పేర్లు రోలర్ స్కేటింగ్‌లోనూ అవే. తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ పుట్టిన పిల్లకు దొరకనిది ఐస్. దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం 2011లో దేహ్రాదూన్‌లో కట్టిన పెద్ద రింక్ ఏళ్ల తరబడి మూతపడి, 2025లో మళ్లీ తెరుచుకుంది. మహిళల సీనియర్ విభాగంలో ఇండియా తరఫున ఆడుతున్న తారా ప్రసాద్ అమెరికాలో పుట్టి పెరిగిన అమ్మాయి. ప్రపంచ పోటీలకు వెళ్లాలంటే ముందు వేరే పోటీల్లో కనీస సాంకేతిక మార్కులు తెచ్చుకోవాలి. జూనియర్లకు ఆ గీత కాస్త కింద ఉంటుంది, సీనియర్లకు పైన. రోజూ ఐస్ దొరకని దేశాల పిల్లలకు జూనియర్ నుంచి సీనియర్‌కు మారడమంటే అన్నిటికంటే ముందు ఆ మార్కులు దాటడమే.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తెల్లవారకముందే పిల్లల్ని రింక్‌కు తీసుకెళ్లే తల్లిదండ్రులున్నారు. వాళ్లకు తప్పకుండా చెప్పాల్సిన కథ ఒకటుంది.

మళ్లీ వచ్చిన అమ్మాయి

అలీసా లియు 2019లో పదమూడేళ్లకే అమెరికా జాతీయ చాంపియన్. విజేతల వేదిక పై మెట్టు ఎక్కడానికి పక్కనున్న పెద్ద స్కేటర్లు ఇద్దరూ చెయ్యందించాల్సి వచ్చింది, అంత చిన్నది. అంతర్జాతీయ జూనియర్ పోటీలకు కూడా అప్పటికి ఆమెకు వయసు చాలదు. 2020లో మళ్లీ గెలిచింది. పద్నాలుగేళ్లు నిండిన నెలలోనే జూనియర్ గ్రాండ్ ప్రీలో ఒకే ప్రోగ్రాంలో ట్రిపుల్ ఆక్సెల్, క్వాడ్ లట్జ్ రెండూ దిగింది. మహిళల్లో ఆ రెండూ కలిపి చేసిన మొదటి స్కేటర్ ఆమే. పదహారేళ్లకు బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆడింది. 2022 మార్చిలో ప్రపంచ కాంస్యం గెలిచింది. ఏప్రిల్‌లో ఆట మానేస్తున్నానని చెప్పేసింది.

చిన్ననాటి నుంచి రింక్, కోచ్, షెడ్యూలు తప్ప మరోటి తెలియని పిల్ల ఆ తర్వాత రెండేళ్లు మామూలుగా బతికింది. ఎవరెస్ట్ బేస్ క్యాంపు దాకా నడిచింది. లాస్ ఏంజెలెస్‌లో యూనివర్సిటీలో సైకాలజీ చదవడానికి చేరింది. 2024 మొదట్లో స్నేహితులతో మంచులో స్కీయింగ్‌కు వెళ్లినప్పుడు ఒంట్లో పాత హుషారు మేలుకుంది. తిరిగొచ్చింది, కానీ తన షరతుల మీద తిరిగొచ్చింది. సంగీతం తనే ఎంచుకుంటుంది. వేసుకునే బట్టలు తనిష్టం. ఎంత సాధన చేయాలో, ఏం తినాలో తనే చెబుతుంది. కోచ్‌లు ఒప్పుకున్నారు.

2025 మార్చిలో బోస్టన్‌లో ప్రపంచ పోటీలు. ఆమె ప్రోగ్రాంలో క్వాడ్ లేదు, ట్రిపుల్ ఆక్సెల్ కూడా లేదు. డోనా సమ్మర్ పాటకు తను చేసిన ఫ్రీ స్కేట్‌లో ముఖం నిండా ఆనందం. మొత్తం 222.97 పాయింట్లు, ప్రపంచ చాంపియన్. 2006 తర్వాత అమెరికా మహిళకు ఈ టైటిల్ ఇదే మొదటిసారి. ఆమె వయసు 19. రెండో స్థానంలో 24 ఏళ్ల సకమోటో, మూడో స్థానంలో మరో పందొమ్మిదేళ్ల జపాన్ అమ్మాయి మోనె చిబా నిలిచారు.